ఎనిమిదో రోజు నుంచి ఎవరు చూస్తారు?



మన ఏజెన్సీలో రోడ్డు మీద ఎవరినైనా బండి గుద్దితే ఏం జరుగుతుందో మీకు తెలుసు. ముందు 108కి ఫోన్ చేస్తారు, మంచిదే. తర్వాత వీడియో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెడతారు. సంఘం పిల్లలు వచ్చి అరగంట రోడ్డు మీద కూర్చుంటారు. ఎస్సై వచ్చి "చూస్తాం, లేవండి" అంటాడు, లేస్తారు. మర్నాడు పేపర్లో నాలుగు లైన్లు వస్తాయి: గిరిజన మహిళకు తీవ్ర గాయాలు, మెరుగైన వైద్యం కోసం విశాఖ తరలింపు. ఆ 'మెరుగైన వైద్యం' అనే మాట చదివాక అందరం నిమ్మళించి పేపరు మడిచేస్తాం.

ఆ మనిషి తిరిగి ఎప్పుడొచ్చింది? కుట్లు ఎవరు విప్పారు? ఎక్స్‌రే మళ్ళీ తీయించారా? ఈ రోజు నడుస్తోందా? పోయిన ఏడాది మీ మండలంలో గుద్దించుకున్నవాళ్ళలో ఒక్కరి గురించైనా ఈ నాలుగు ప్రశ్నలకి జవాబు చెప్పగలరేమో చూడండి. మీరే కాదు, ఏ ఆఫీసూ చెప్పలేదు. కేంద్ర రోడ్డు రవాణా శాఖ ఏటా ప్రమాదాల మీద ఒక పుస్తకం వేస్తుంది. 2022 లెక్కలో దేశం మొత్తం మీద 1,68,491 మంది చనిపోయారు, అందులో 32,825 మంది నడిచి వెళ్తున్నవాళ్ళు. గాయపడ్డవాళ్ళు అన్ని రకాలూ కలిపి 4,43,366 మంది. ఏ రోడ్డు మీద, ఏ టైములో, ఏ బండి, అన్నీ రాస్తారు. ఆ నాలుగు లక్షల పైచిలుకు మందిలో ఆర్నెల్ల తర్వాత లేచి తిరిగినవాళ్ళెందరు అన్న లెక్క మాత్రం అందులో లేదు. లెక్కలోనే లేనిదానికి డబ్బులు ఎవరు కేటాయిస్తారు?

పథకం లేదని నేను అనడం లేదు. ఉంది. దాన్నే కాస్త నిదానంగా చూద్దాం. 2019లో మోటారు వాహనాల చట్టం సవరించినప్పుడు ప్రమాదం జరిగిన మొదటి గంటలో డబ్బు అడక్కుండా వైద్యం చెయ్యాలని 162వ సెక్షన్‌లో రాశారు. రాసి, పథకం మాత్రం పెట్టలేదు. కోయంబత్తూరులో ఎస్. రాజశేఖరన్ అని ఒక ఎముకల డాక్టరు 2012లోనే సుప్రీంకోర్టులో పిటిషన్ వేశారు. ఆ కేసులోనే 2025 జనవరిలో కోర్టు ఆదేశిస్తే, అదే ఏడాది మే 5న నగదు రహిత చికిత్స పథకం వచ్చింది. ఏ రోడ్డు మీద మోటారు బండి గుద్దినా, గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో లక్షన్నర వరకూ ఉచితం. గడువు ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజులు.

ఏడు రోజులు. ఆపరేషన్ చేసిన కుట్లు విప్పేదే పది నుంచి పధ్నాలుగు రోజులకి. అంటే సర్కారు పెట్టిన గడువులో కుట్లు కూడా ఊడవు! ప్రాణం పోకుండా ఆపడానికి ఆ ఏడు రోజులు కావాలి, కాదనను. పెద్ద ఆపరేషన్లకి ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో ఆరోగ్యశ్రీ ఉన్నాయి, అదీ కాదనను. కానీ ఇవన్నీ ఆసుపత్రి మంచం దగ్గర మొదలై ఆసుపత్రి గేటు దగ్గర ఆగిపోయేవి. మనిషి బతికింది, రాడ్డు వేశారు, ఇంటికి పంపారు, ఫైలు మూశారు. ఆమె కాలు మాత్రం ఇంకా విరిగే ఉంది.

ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. నడిచేవాళ్ళకి తగిలే దెబ్బ, కారులో కూర్చున్నవాళ్ళకి తగిలే దెబ్బ ఒకటి కాదు. కారు ముందు బంపరు సుమారుగా మోకాలి ఎత్తులో ఉంటుంది. మొదటి దెబ్బ మోకాలి కింద ఎముకకి. ఎముకల డాక్టర్లు దానికి బంపర్ ఫ్రాక్చర్ అని పేరే పెట్టుకున్నారు. తర్వాత మనిషి బానెట్ మీద పడితే తుంటి. అక్కణ్ణుంచి రోడ్డు మీద పడితే తల. మూడు దెబ్బలు, మూడింటికీ వేరే వేరే డాక్టర్లు, వేరే వేరే ఓపీ రోజులు. ముళ్ళదారిలో, రాళ్ళ మీద చెప్పుల్లేకుండా తిరిగే కాలి ఎముక చర్మం చీల్చుకుని బయటికొస్తే, ఆ పుండులోకి మట్టి, పేడ, టైరు మసి అన్నీ వెళ్తాయి. అలాంటి దెబ్బకి చాలాసార్లు మొదట బయటి నుంచి రాడ్లు బిగిస్తారు. ఆ రాడ్డు చర్మంలోకి దిగే చోట రోజూ శుభ్రం చెయ్యాలి, లేకపోతే చీము పడుతుంది. ఆరు వారాలకి ఎక్స్‌రే, మూడు నెలలకి ఇంకోటి. ఎముక సరిగ్గా అతకడానికి నాలుగు నుంచి ఆరు నెలలు, పుండు పెద్దదైతే ఇంకా ఎక్కువ. ఈలోపు మోకాలు వంచే కసరత్తు చేయించకపోతే కీలు బిగుసుకుపోతుంది. ఎముక అతికినా కాలు వంగదు. కాలు వంగకపోతే మెట్ట చేనెక్కేది ఎలా, ఊటగెడ్డలో నీళ్ళకి దిగేది ఎలా?

తల దెబ్బ సంగతి ఇంకా ఘోరం, ఎందుకంటే అది బయటికి కనపడదు. ఫిట్స్ రాకుండా మాత్రలు రాసిస్తారు. పదిహేను రోజులకి మాత్రలు అయిపోతాయి, పీహెచ్‌సీలో అవి దొరకవు, మానేస్తారు. ఆ మందు ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ రావచ్చు. పొయ్యి దగ్గరో గెడ్డ దగ్గరో వస్తే మనిషి పోతుంది, అప్పుడు చావుకి కారణం ప్రమాదం అని ఎక్కడా రాయరు. కొందరికి కోపం పెరుగుతుంది, మతిమరుపు వస్తుంది, నిద్ర పట్టదు. ఊళ్ళో గాలి సోకిందంటారు, తాగుడెక్కువైందంటారు. అది తల దెబ్బ లక్షణమని ఆ ఇంట్లోవాళ్ళకి ఒక్క ముక్క చెప్పి పంపిన డాక్టరుంటే అతనికి దండం పెడతాను.

మనవాళ్ళకి ఇంకొకటి కూడా ఉంది, సికిల్ సెల్. 2023 జూలైలో మొదలైన మిషన్ కింద ఊరూరా రక్తపరీక్షలు చేసి కార్డులిస్తున్నారు. ఆ జబ్బు ఉన్నవాళ్ళకి ఎముకలో చీము పట్టే ప్రమాదం ఎక్కువ, మత్తు ఇచ్చేటప్పుడు జాగ్రత్తలు వేరు. ఆ కార్డు ఇంట్లో సూరుకింద సంచిలో ఉంటుంది. మనిషి 108లో వెళ్ళిపోతుంది. ఆపరేషన్ చేసే డాక్టరుకి ఆ సంగతి ఎవరు చెప్తారు?

ఇప్పుడు రోడ్డు గురించి. కొందరు మిత్రులు నాతో వాదిస్తారు: రోడ్డు కావాలని ధర్నాలు చేసింది మీరే, ఇప్పుడు రోడ్డు మీద ఏడుస్తున్నదీ మీరేనా అని. అవును, మనమే అడిగాం. డోలీ మోతలు ఆగాలని అడిగాం, బాలింతలు దారిలో చచ్చిపోకూడదని అడిగాం. ఇప్పటికీ రోడ్డు లేని ఊళ్ళు ఉన్నాయి, వాటికీ అడుగుతాం. కానీ రాజమండ్రి నుంచి రంపచోడవరం, చింతపల్లి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం పోయే 516ఈ జాతీయ రహదారిని వెడల్పు చేసేటప్పుడు, ఆ రోడ్డు మీద తలమీద మోపుతో, చంకలో బిడ్డతో నడిచి సంతకి పోయేవాళ్ళు ఉన్నారన్న సంగతి ఎవరికి పట్టింది? నడిచేవాళ్ళకి ఫుట్‌పాత్ ఉండటం రాజ్యాంగం 21వ అధికరణం కింద హక్కు అని సుప్రీంకోర్టు 2025 మేలో చెప్పింది. మన ఘాట్ రోడ్డు పక్కన ఉన్నది ఫుట్‌పాత్ కాదు, లోయ.

చలికాలం చూడండి. లంబసింగి మంచు, వంజంగి మేఘాలు చూడ్డానికి చీకటితోనే కార్లు వరసకడతాయి. సూర్యోదయం తప్పిపోతుందని తొందర వాళ్ళకి. సరిగ్గా అదే నెలల్లో మనకి కాఫీ పళ్ళు కోత. అదే చీకటిలో, అదే మంచులో, అదే రోడ్డు అంచున మన ఆడవాళ్ళు తోటలకి నడిచి పోతారు. ఏడాదిలో చేతికి నాలుగు డబ్బులు వచ్చే ఆ మూడు నెలల్లోనే కాలు విరిగితే, పోయేది ఒక్క కాలు కాదు, ఆ ఏడాది మొత్తం. గుద్దినవాడు బండి ఆపకుండా దిగిపోతే నంబరు ఏదో మంచులో కనపడదు కూడా.

మా పక్క గూడెంలో ఒక పెద్దమ్మ ఉంది. పేరు రాయను. కాఫీ కోతకి పోతూ గుద్దించుకుంది. కింద ఒక ఆసుపత్రిలో బయటి రాడ్లు వేసి, పధ్నాలుగో రోజున ఇంటికి పంపారు. చేతిలో ఇంగ్లీషులో నాలుగు పేజీల కాగితం. చివర్లో ఒక్క లైను, రెండు వారాల తర్వాత ఓపీకి రావలెను అని. ఆమెకి వచ్చింది కువి, కాస్త ఒడియా. తెలుగు వింటే సగం అర్థమవుతుంది. చదవడం రాదు. అయినా వెళ్ళింది. కొడుకు వీపు మీద మోసుకుని రోడ్డు దాకా తెచ్చాడు, అక్కణ్ణుంచి జీపు, పాడేరులో బస్సు, కింద ఆటో. రాడ్లు బయటికి పొడుచుకొచ్చిన కాలుతో బస్సులో రెండు సీట్లు కావాలి, కండక్టరు గొణుక్కున్నాడు. వెళ్ళేసరికి మధ్యాహ్నమైంది, ఓపీ మూసేశారు. రాత్రి ఆసుపత్రి వసారాలో పడుకున్నారు. మర్నాడు పొద్దున్నే వెళ్తే చీటీ రాసే ఆయన "ఈ రోజు మీ డాక్టరు గారి ఓపీ కాదు, గురువారం రండి" అన్నాడు. గురువారం అంటే ఇంకా మూడు రోజులు. ఇద్దరికి రానుపోను చార్జీలు, తిండి, ఆటో కలిపి అప్పటికే రెండు వేలు దాటాయి, ఆ రెండు వేలూ షావుకారు దగ్గర మిరియాల మీద తెచ్చినవే. వెనక్కి వచ్చేశారు. మళ్ళీ వెళ్ళలేదు.

నేను వెళ్ళేసరికి నాలుగో నెల. రాడ్ల చుట్టూ చీము. కాలు వంకర తిరిగి అతుక్కుంటోంది. "నడుత్తాను బాబూ, కొండే ఎక్కలేను" అంది. ఆ డిశ్చార్జి కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, దేవుడి పటం వెనకాల భద్రంగా దాచింది. దాన్ని నేను చదివి చెప్పేదాకా అందులో రోజూ కాలు వంచమని రాసుందని ఆ ఇంట్లో ఎవరికీ తెలీదు. నాలుగు నెలలుగా ఆమె కాలు కదపకుండా జాగ్రత్తగా కూర్చుంది, కదిపితే ఎముక ఊడిపోతుందని భయం.

ఈ కథ చెప్తే ఒక డాక్టరు గారు నాతో అన్నారు: మీవాళ్ళు ఫాలోఅప్‌కి రారయ్యా, కట్టు కట్టేవాడి దగ్గరికి పోతారు, మూఢనమ్మకం. ఈ మాట మీరు కూడా విని ఉంటారు. మనలో చదువుకున్నవాళ్ళు కొందరు తలకాయ ఊపుతారు కూడా. నేను ఊపను. ఆమె అప్పు చేసి, కొడుకు వీపు మీద దిగి, వసారాలో పడుకుని వచ్చింది కదా సార్? రానిది ఎవరు? వచ్చిన మనిషిని వెనక్కి పంపింది ఎవరు?

కట్టు కట్టే మనిషి గురించి కూడా సూటిగా మాట్లాడుకుందాం. బిగుతుగా కట్టు కడితే రక్తం ఆడక కాలు కుళ్ళిన కేసులు ఉన్నాయి. పుండు ఉన్న చోట, లోపల రాడ్డు ఉన్న చోట ఆయన చెయ్యి పెట్టకూడదు, ఆ మాట మనమే ఊళ్ళో చెప్పాలి. కానీ ఆయన దగ్గరికి జనం ఎందుకు వెళ్తారు? ఆయన ఇంటికి వస్తాడు. మన భాషలో మాట్లాడతాడు. మూడు రోజులకి మళ్ళీ వచ్చి చూస్తాడు, కాలు ఒళ్ళో పెట్టుకుని నూనె రాస్తాడు, ఎలా ఉందని అడుగుతాడు. దానికే ఇంగ్లీషులో ఫాలోఅప్ అని పేరు. మందు తెలియని మనిషికి ఫాలోఅప్ తెలుసు, మందు తెలిసినవాళ్ళకి తెలీదా?

చెయ్యడం రాక కాదు, అది నాకు బాగా కోపం తెప్పించే విషయం. టీబీ చూడండి. టీబీకి మందు కనీసం ఆర్నెల్లు. పేషెంటు పేరు నిక్షయ్‌లో ఎక్కుతుంది. ఆశ అక్క ఇంటికి వచ్చి మాత్ర వేసుకున్నావా అని అడుగుతుంది. తిండికని నెలకి 500 రూపాయలు ఖాతాలో వేసేవారు, 2024 నవంబరు నుంచి 1000 చేశారు. గర్భిణిని చూడండి. 2011 నుంచి జననీ శిశు సురక్ష కింద కాన్పుకి తీసుకెళ్ళడానికే కాదు, తల్లినీ బిడ్డనీ తిరిగి ఇంటి దగ్గర దించడానికి కూడా బండి ఇవ్వాలి. ఏఎన్ఎం దగ్గర ప్రతి గర్భిణి పేరు, నెల, తేదీ ఉంటాయి. ఇవి లోటుపాట్లు లేకుండా జరుగుతున్నాయని నేను చెప్పను, కొండ మీద ఎంత జరుగుతున్నాయో మనకి తెలుసు. కానీ కాగితం మీద ఆ ఆలోచన ఉంది: జబ్బు ఆర్నెల్లదైతే సర్కారు కూడా ఆర్నెల్లు వెంట ఉండాలి అని. విరిగిన కాలు కూడా ఆర్నెల్లదే. ఆ మనిషి పేరు ఏ ఏఎన్ఎం రిజిస్టర్లో ఉంది? ఏ ఆశ అక్కకి చెప్పారు?

కోలుకునే రోజులకి కూలి ఇవ్వడం కూడా కొత్త ఆలోచనేం కాదు. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్య ఆసరా అని మొదలుపెట్టారు. ఆపరేషన్ తర్వాత ఇంట్లో పడుకున్న రోజులకి రోజుకి 225 రూపాయలు, నెలకి 5000 మించకుండా. ఏ పార్టీ పెట్టింది అన్నది నాకు అనవసరం, ఆ గొడవ మీరు కామెంట్లలో పెట్టొద్దు. ఆ సూత్రం సరైనది. ఏజెన్సీలో దానికి చార్జీలు కూడా కలపాలి.

డబ్బులు లేవంటారా? లెక్క చూడండి. ఆంధ్రలో వికలాంగుల పెన్షన్ నెలకి 6000. తెలంగాణలో 4016. అది హక్కు, తీసుకోవాల్సిందే. కానీ వంకరగా అతికిన కాలుకి ముప్పై ఏళ్ళు పెన్షన్ ఇవ్వడానికి సిద్ధపడ్డ సర్కారు, ఆ కాలు వంకర తిరక్కుండా ఆర్నెల్లలో ఐదారు సార్లు బండి పంపడానికి సిద్ధంగా లేదు. పైగా ఆ పెన్షన్‌కి కూడా 40 శాతం ఉందని సర్టిఫికెట్ తేవాలి, దానికీ మళ్ళీ అదే జీపు, అదే బస్సు, అదే క్యూ.

ఇక మన తప్పు దగ్గరికి వస్తాను. మన అంటే ఊరి పెద్దలు, సంఘాలు, స్టేషన్ బయట మాట్లాడి పెట్టే నాయకులు. రాజీ. బండివాడు పదిహేను వేలో ఇరవై వేలో ఇస్తాడు, పెద్దమనుషులు నలుగురు కూర్చుంటారు, కేసు వద్దని వేలిముద్ర వేయిస్తారు. పాపం డ్రైవరు కూడా పేదోడే అంటారు. నిజమే, పేదోడే. కానీ మిత్రులారా, నష్టపరిహారం ఇచ్చేది డ్రైవరు కాదు, ఇన్సూరెన్సు. ప్రతి మోటారు బండికీ ఎదుటివాళ్ళ కోసం ఇన్సూరెన్సు ఉండాలని చట్టం. ఎఫ్ఐఆర్ లేకపోతే ఆ తలుపు తెరుచుకోవడం మహా కష్టం. ఆ ఇరవై వేలు రెండో నెలకే అయిపోతాయి, కాలు ఇంకా అతకదు. రాజీ చేసిన పెద్దమనిషి ఆ రెండో నెలలో ఆ ఇంటి గడప తొక్కాడా?

చట్టంలో ఏముందో చూడండి. 164వ సెక్షన్ కింద తప్పు ఎవరిదన్న ప్రశ్న లేకుండా తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు, చావుకి ఐదు లక్షలు. "తాగి రోడ్డు మీద నడిచాడు" అని ఎవరైనా నోరు పారేసుకుంటే ఈ సెక్షన్ చూపించండి. ఎముక విరిగితే చట్టం దృష్టిలో అది తీవ్ర గాయమే, కొత్త న్యాయ సంహితలో కూడా అంతే. అందుకే గాయాల సర్టిఫికెట్లో 'సాధారణ గాయం' అని రాస్తే ఊరుకోవద్దు, ఎక్స్‌రే చూపించి అడగండి. అంతకంటే ఎక్కువ నష్టం జరిగితే 166 కింద ట్రిబ్యునల్‌కి వెళ్ళవచ్చు, మనం ఉండే చోటు పరిధిలోని ట్రిబ్యునల్‌లోనే వెయ్యవచ్చు. 2010లో రాజ్‌కుమార్, అజయ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఏమేం ఇవ్వాలో వివరంగా చెప్పింది: అయిన ఖర్చు, మంచం మీద ఉన్న రోజుల సంపాదన, ఇకముందు పోయే సంపాదన, ఇకముందు అయ్యే వైద్యం ఖర్చు. ఆ మనిషి ఏ పని చేసి బతుకుతుందో చూసి లెక్కకట్టాలంది. టేబుల్ దగ్గర కూర్చుని పనిచేసేవాళ్ళకి వంగని మోకాలు ఒక ఇబ్బంది. కొండ చేను చేసుకునేవాళ్ళకి అది బతుకుతెరువు పోవడం.

చదవడానికి ఎంతో బాగుంది కదా. ఇప్పుడు మెలిక చూడండి. ఇవన్నీ రుజువు చెయ్యాలంటే కాగితాలు కావాలి. ఆరో వారం ఎక్స్‌రే, మూడో నెల ఓపీ చీటీ, ఫిజియోథెరపీ బిల్లు, డాక్టరు ఇచ్చిన వైకల్యం సర్టిఫికెట్. ఫాలోఅప్‌కి వెళ్ళలేని మనిషి దగ్గర ఇవేవీ ఉండవు. చార్జీలు లేక వైద్యం పోయింది, వైద్యం లేక కాగితం పోయింది, కాగితం లేక నష్టపరిహారం తగ్గింది. ఎంత పేదరికం ఉంటే అంత తక్కువ డబ్బు. మా పెద్దమ్మ దగ్గర ఉన్నది ఆ నాలుగు పేజీలే, జీపుకి రసీదు ఎవరిస్తారు?

గడువు ఇంకో దెబ్బ. కేసు వెయ్యడానికి 166లో ఆర్నెల్ల గడువు పెట్టారు, 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. ఎముక అతకడానికి ఆర్నెల్లు, కేసు వెయ్యడానికీ ఆర్నెల్లే. నడవలేని మనిషి నడిచి వెళ్ళి కేసు వెయ్యాలన్నమాట. ఈ గడువు చెల్లుతుందా లేదా అన్నది సుప్రీంకోర్టు ముందుకి వెళ్ళింది, కాబట్టి ఆర్నెల్లు దాటిపోయిందని ఎవరూ ఆశ వదులుకోవద్దు, లాయరుని అడగండి. అసలు ఇప్పటి రూల్స్ ప్రకారం పోలీసులే 48 గంటల్లో ట్రిబ్యునల్‌కి మొదటి రిపోర్టు పంపాలి, 90 రోజుల్లో పూర్తి రిపోర్టు పంపాలి. స్టేషన్‌కి వెళ్ళినప్పుడు ధర్నాతో పాటు ఈ రెండు రిపోర్టులు కూడా అడగండి. బండి నంబరు దొరక్కపోతే గుద్ది పారిపోయిన కేసుల పథకం ఉంది, తీవ్ర గాయానికి 50,000, చావుకి 2 లక్షలు. దరఖాస్తు తహసీల్దారు దగ్గరో సబ్ కలెక్టరు ఆఫీసులోనో. నెల రోజుల్లో బండి దొరక్కపోతే ఈ పథకం సంగతి బాధితులకి పోలీసులే రాతపూర్వకంగా చెప్పాలని 2024 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశం. మీ ఊళ్ళో ఎవరికైనా అలాంటి కాగితం వచ్చిందా? లాయరు ఫీజు గురించి భయపడొద్దు. షెడ్యూల్డ్ తెగలవాళ్ళకి న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరుని ఇవ్వాలి, ఆదాయం ఎంత అన్న ప్రశ్న లేకుండా, 1987 చట్టం.

అయితే డబ్బు తర్వాత మాట. ముందు కాలు. మనం అడగాల్సింది పెద్ద కోరికేమీ కాదు. ఆపరేషన్ కింద జరిగినా ఫాలోఅప్ పైన జరగాలి. పాడేరులో జిల్లా ఆసుపత్రి ఉంది, 2024 నుంచి మెడికల్ కాలేజీ కూడా నడుస్తోంది. అల్లూరి జిల్లా పెట్టింది 2022లో, జిల్లా అంటే బోర్డు ఒక్కటే కాదు కదా. కింద డిశ్చార్జి చేసిన రోజే ఆ పేషెంటు కాగితం ఇక్కడి ఆసుపత్రికీ, పీహెచ్‌సీకీ, ఆ ఊరి ఏఎన్ఎంకీ రావాలి. కొండ మీంచి కిందకి రిఫర్ చెయ్యడానికి చీటీ ఉంది, కింద నుంచి కొండ మీదకి చీటీ ఎందుకు లేదు? ఎముకల డాక్టరు, ఫిజియోథెరపిస్టు కలిసి సంత రోజున కూర్చోవాలి, ఎందుకంటే ఆ రోజు జీపులుంటాయి, జనం ఎలాగూ వస్తారు. ఎప్పుడు రావాలి, కాలు ఎలా వంచాలి అన్నది బొమ్మలతో, మన భాషలో చెప్పాలి, కువిలోనూ ఒడియాలోనూ చెప్పగల మనిషి ఆసుపత్రిలో ఉండాలి. రానుపోను బండి లేదా చార్జీలు, తోడు వచ్చిన మనిషికి ఒక పూట తిండి. ఏడు రోజుల పథకం ఎముక అతికేదాకా సాగాలి. ఉట్నూరు నుంచి ఆదిలాబాద్ రిమ్స్‌కి, ఏటూరునాగారం నుంచి వరంగల్ ఎంజీఎంకి పోయే మన గోండు, కోయ అన్నదమ్ముల మాట కూడా ఇదే. దూరాలు వేరు, కథ ఒకటే.

ఇవి అడగడానికి మన చేతిలో ఒక జాబితా ఉండాలి. కోపంతో వెళ్తే ఐటీడీఏలో టీ ఇచ్చి పంపుతారు. పేర్లు, ఊళ్ళు, తేదీలతో వెళ్తే జవాబు రాయాల్సి వస్తుంది. కాబట్టి ఈ నెల పని ఇది. మీ పంచాయతీలో రెండేళ్ళలో నడుస్తూ బండి గుద్దించుకున్నవాళ్ళ ఇళ్ళకి ఇద్దరిద్దరుగా వెళ్ళండి. దేవుడి పటం వెనకాలో సూరుకిందో ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది, అడిగితే తీసిస్తారు. డిశ్చార్జి తేదీ, మళ్ళీ రమ్మన్న తేదీ, నిజంగా వెళ్ళిన తేదీ, వెళ్ళకపోతే ఎందుకు వెళ్ళలేదు, ఎఫ్ఐఆర్ ఉందా, రాజీ చేసిందెవరు, ఇవి రాసుకోండి. అనుమతి అడిగి కాగితాలు ఫోటో తీయండి, మొహాలు తీయొద్దు, గ్రూపుల్లో పెట్టొద్దు. ప్రమాదం జరిగి ఆర్నెల్లు దాటనివాళ్ళు కనపడితే ఆ రోజే మాకు చెప్పండి, లాయరు దగ్గరికి తీసుకెళ్ళే పని మనది. రాడ్లు ఇంకా కాలికే ఉన్నవాళ్ళు కనపడితే జాబితా కోసం ఆగొద్దు, బండి మాట్లాడండి.